పునాదిరాయి రోజున పుట్టిన పిల్ల

ముందుగా మీతో ఒక మాట ఒప్పేసుకోవాలి. పోయిన వారం ఆఫీసు పని పక్కన పడేసి, నేను పుట్టిన రోజు పేపర్లో ఏముందో కంప్యూటర్లో వెతికాను. ఎండుమిర్చి ధర పడిందట. ఎక్కడో గడ్డివాము తగలబడిందట. అంతే. ఆ ఉక్రోషంతోనే, ఇలాంటి వెతుకులాట వల్ల చిక్కులో పడ్డ హజ్రా బీ కథ చెబుతున్నాను.

హజ్రా బీ నకరికల్లు దగ్గర ఒక ఊళ్ళో మంత్రసాని. ఆ ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా, కళ్ళు తెరిచి ముందు చూసేది ఆమె మొహమే. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా, బొడ్లో సున్నపు కాయ. ఫలానా రోజు పుట్టిందని ఆమె అంటే ఇక ఆ రోజు పుట్టినట్టే.

1967లో సాగర్ నీళ్ళు కాలవలకు వదిలారు. ఆ ఊరి పిల్లకాలవకూ వస్తున్నాయని కబురందింది. ప్రెసిడెంటు ధనుంజయరావు పంచాయతీ ఆఫీసులో జనాన్ని కూర్చోబెట్టాడు.

"సాగర్‌కి యాభై అయిదులో నెహ్రూగారు పునాదిరాయి ఏసిన రోజునే మా ధనలక్ష్మి పుట్టింది. తూము చక్రం అదే తిప్పుద్ది. ఆ వార్త పడ్డ పేపరు కూడా చదివి వినిపిద్దాం. జయరాజు మాస్టారు నర్సరావుపేట పోయి పట్టుకొచ్చారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ కృపమ్మ గొంతు సవరించుకుంది. "మా రాహేలు కూడా ఆ రోజే పుట్టిందయ్యగారూ."

అది ఊరందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు కృపమ్మకు నొప్పులొస్తే హజ్రా బీ కోసం మనిషిని పంపారు. ఆమె రాజుపాలెంలో ప్రెసిడెంటు అత్తగారింటికి కాన్పు చేయడానికి పోయిందన్నారు. చివరికి కృపమ్మ అత్తే బొడ్డు కోసింది.

"ఇద్దరు కూర్చుని తిప్పటానికి అదేమన్నా తిరగలా?" అన్నాడు ధనుంజయరావు. "మా పిల్లకి హజ్రా బీ సాక్ష్యం ఉంది. మీ పిల్లకెవరున్నారు?"

జనం నవ్వారు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్న రాహేలు నవ్వలేదు. హజ్రా బీ కూడా నవ్వలేదు. నోట్లో ఆకు ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చింది.

ఎందుకంటే ఆ రోజు ఆమె ఏ కాన్పుకీ పోలేదు.

ప్రెసిడెంటు భార్య వీరరాఘవమ్మ అప్పుడు నిండు చూలాలు. పుట్టింటికని బయలుదేరి, తోడుకు హజ్రా బీని తీసుకుపోయింది. రాజుపాలెం చేరగానే, "నెహ్రూని చూడాలని ఉందే హజ్రా" అంది. చూలాలి కోరిక తీరకపోతే బిడ్డకు చెవిలో చీము కారుతుందని హజ్రా బీకి తెలుసు. పైగా తనకూ చూడాలనే ఉంది. ఇద్దరూ సాగర్ పోయే లారీ ఎక్కేశారు. ధనలక్ష్మి ఆ తర్వాత తొమ్మిదో రోజుకు పుట్టింది. కానీ కాన్పుకని చెప్పి పోయాక, కాన్పు ఆ రోజే అయి ఉండాలి కదా. పైగా నిండు పొట్టతో లారీ ఎక్కిందని తెలిస్తే ప్రెసిడెంటు ఊరుకునే మనిషి కాదు. కబురు ఆలస్యంగా పంపి, తేదీ తొమ్మిది రోజులు వెనక్కి జరిపారు.

ఇప్పుడది బయటపడితే వీరరాఘవమ్మకు చీవాట్లతో పోతుంది. నొప్పులు పడుతున్నదాన్ని గాలికొదిలి తమాషా చూడబోయిన మంత్రసానిని మాత్రం ఇక ఏ గడపా పిలవదు.

జయరాజు మాస్టారు పేపరు మడత విప్పాడు. కాగితం పచ్చబడిపోయింది. నాలుగు ముక్కలు చదివి, "ఫొటో కూడా పడింది చూడండి, ఎంత జనమో" అంటూ అందరికీ చూపించాడు.

హజ్రా బీకి అక్షరం రాదు. బొమ్మ చూడటానికి అక్షరాలెందుకు? తాడు కట్టిన చోట, అందరికంటే ముందు, నోరు తెరుచుకుని నిలబడింది తనే. పక్కన తన భుజం పట్టుకుని వీరరాఘవమ్మ.

"నాకు చూపు ఆనట్లా, ఇట్టా ఇయ్యి నాయనా" అని పేపరు లాక్కుంది. సున్నపు కాయలో బొటనవేలు ముంచింది. ఆ రెండు తలల మీద నింపాదిగా పులిమేసింది.

పక్కకు వచ్చి నిలబడ్డ కృపమ్మ అంతా చూసింది. "అత్తా, పేపరుకి సున్నం రాశావేంది?" అంది మెల్లగా.

"ఆకనుకున్నానే."

కృపమ్మ వంగి ఫొటోలోకి చూసింది. మరీ మెల్లగా అడిగింది. "తలకాయలకైతే పూశావు. ఆ పొట్ట ఎవరిదత్తా?"

హజ్రా బీ ఉమ్మడానికని బయటికి నడిచింది. కృపమ్మ వెనకే వచ్చింది.

"నీకు మొహం చూపించలేక ఇన్నాళ్ళూ మీ సందులోకే రాలేదే కృపా. నా కళ్ళు పోనూ, నెహ్రూ ముందు నువ్వు గుర్తుకి రాలా."

"చానా బాగుంది. నేనిక్కడ గుంజ పట్టుకుని ఏడుస్తా ఉంటే నువ్వక్కడ తాడు పట్టుకుని చూస్తన్నావా?"

"తిట్టవే. పడతా."

"తిట్టేది తర్వాత. చక్రం సంగతి చెప్పు. ముందు నా కూతురు పట్టుకోవాల."

హజ్రా బీ లోపలికొచ్చి చెంగు దోపుకుంది. "అయ్యా, రాహేలు మిట్టమధ్యాన్నం పుట్టింది. మీ పిల్ల పొద్దుగూకినాక. పెద్దది రాహేలు. చక్రం ముందు అదే పట్టుకోవాల."

"రాజుపాలెంలో ఉన్నదానివి, ఇక్కడ ఎప్పుడు పుట్టిందో నీకెట్టా తెలుసే?" అన్నాడు ధనుంజయరావు.

హజ్రా బీ నోట్లో ఆకు ఆగిపోయింది.

అప్పటిదాకా వెనక బెంచీ మీద ఉన్న వీరరాఘవమ్మ లేచి, పేపరు చూసే నెపంతో ముందుకొచ్చింది. సున్నం చూసింది. సున్నం కింద పొట్టను గుర్తుపట్టింది.

"ఏందండీ ఈ కోర్టు?" అంది మొగుడితో. "కొత్త చక్రం, బిగుతుగా ఉంటది. మనది బక్కపిల్ల. ముందు రాహేలు కదిలిచ్చి ఇస్తే మనది తిప్పుద్ది. పోనీ మీరు తిప్పండి."

ధనుంజయరావు భార్యను చూశాడు, పేపరును చూశాడు, హజ్రా బీని చూశాడు. దగ్గాడు. "సరే కానీండి" అన్నాడు.

నీళ్ళొచ్చిన రోజు ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. రాహేలు పళ్ళు బిగించి చక్రం కదిలించింది. ధనలక్ష్మి చెయ్యి వేసిందో లేదో కూడా ఎవరికీ కనబడలేదు. ఎర్రటి నీళ్ళు నురగతో, చెత్తతో, ఎవరిదో తెగిన చెప్పుతో వచ్చాయి. కృపమ్మ ఆ నీళ్ళు దోసిట్లో పట్టి కూతురి మొహాన చల్లింది. తర్వాత హజ్రా బీ మొహాన కూడా ఓ దోసెడు కొట్టింది, కాస్త గట్టిగానే. హజ్రా బీ తుడుచుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ప్రెసిడెంటు కోడలు మగపిల్లాణ్ణి కన్నది. హజ్రా బీ బిడ్డకు నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి, వసారాలో ఉన్న తాతకు చూపించింది. వీరరాఘవమ్మ పక్కనే ఉంది.

ధనుంజయరావు మనవణ్ణి చూసి మురిసిపోయాడు. గొంతు తగ్గించాడు.

"హజ్రా, నీళ్ళొచ్చిన రోజునే పుట్టాడని చెప్పుకుంటే బాగుంటదే."

"అయ్యో, నాలుగు రోజులైంది కదయ్యా. అబద్ధం చెప్పమంటారా నన్ను?"

"ధనలక్ష్మికి తొమ్మిది రోజులు సర్దినదానివి, వీడికి నాలుగు సర్దలేవా?"

వీరరాఘవమ్మ గోడకు ఆనుకుంది. హజ్రా బీ బిడ్డను గట్టిగా పట్టుకుంది.

"మీకెట్టా తెలుసండీ?" అంది వీరరాఘవమ్మ.

"ఎట్టా తెలుసేంది? గురజాల కోర్టులో వాయిదా ఉందని నీకు చెప్పి నేనూ సాగరే పోయాగా. తాడుకి అవతల పక్క నిలబడ్డా. మీరిద్దరూ కనపడ్డారని కిందికి వంగి, ఆయన పోయిందాకా లేవలా. నెహ్రూని నేను చూసిందే లేదు, మీ ఇద్దరి పుణ్యమా అని."

మరి మీరు పుట్టిన రోజున లోకంలో ఏం జరిగిందని మీ ఇంట్లో చెబుతారు? అది పేపర్లో వెతికి చూశారా? చూస్తే ఏం బయటపడిందో నాకు రాయండి. ఎవరి తలకాయ మీదైనా సున్నం ఉంటే అది కూడా రాయండి.