తడిపిన గాలి

పాత మద్రాసు రోడ్డు పక్కన, చీపురు చేతిలో ఉండగానే దొడ్డమ్మ కూలిపోయింది. పంతొమ్మిదేళ్లు ఆ రోడ్డు ఊడ్చిన మనిషి. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ నాగరాజ్ మధ్యాహ్నానికల్లా ఆమె చీపురును ఇంకొకామె చేతిలో పెట్టాడు.

అప్పటినుంచి ఆమెతోపాటు ఊడ్చే రేణుకకు దొడ్డమ్మ దగ్గు వినబడుతూనే ఉంది. ఊడుస్తుంటే వెనకనుంచి, అన్నం కలుపుతుంటే పక్కనుంచి. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆమెకు భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. వార్డు పార్కులో గాలిని కొలిచే మిషను చుట్టూ రోజూ పొద్దున్నే పైపుతో నీళ్లు కొట్టేది తనే. దుమ్ము అణిగి, బోర్డు మీద అంకె పచ్చగా వెలిగేది. వార్డు శుభ్రంగా ఉందంటేనే కాంట్రాక్టు నిలిచేది. మొదట మొక్కల కోసమనుకుంది. తరవాత ఆ అంకె కోసమని తెలిసింది. తెలిసీ కొట్టింది.

పదోరోజున డాక్టర్ సమీనా వచ్చింది. దేశమంతటా ఏ వాడ గాలిలో ఎంత దుమ్ము, అక్కడ ఎన్ని చావులు అని ఏళ్ల తరబడి లెక్క తీస్తున్న బృందం ఆమెది.

"మీ వార్డులో గాలి బాగుందమ్మా. చావులే ఎక్కువ. ఎందుకో అర్థం కావడం లేదు," అంది.

"బీడీలు మేడమ్! అందరూ తాగతారు," అన్నాడు నాగరాజ్ ఎవరూ అడగకుండానే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

దొడ్డమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. రేణుకకు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే పని పోతుంది, పిల్లల తిండి పోతుంది. అయినా తెరిచింది.

"గాలి బాగా ల్యా డాక్టరమ్మా. మిషను చుట్టూ నీళ్లు కొట్టమని ఈయప్పే చెప్పినాడు. కొట్టింది నేనే. సచ్చినోళ్లు మాత్రం నిజంగా సచ్చినారు."

సాయంత్రం పార్కులో ఊడ్చే ఆడవాళ్ల మీటింగు. కేకలు, శాపాలు.

"నీ నీళ్లే మా దొడ్డమ్మను బీడీలు తాగేదాన్ని జేసినాయి!" అని ఒకామె చెయ్యెత్తి మీదికొచ్చింది.

"అవునక్కా, తిట్టు. ఆ యమ్మ దగ్గు నన్ను నిద్ర పోనీల్యా."

ఆమె చెయ్యి దించింది. "నాకూ వినబడతాది," అంది మెల్లగా. ఇంకెవరో, "నాకూ," అన్నారు. ఆ తరవాత రేపటినుంచి పైపు ఎవరూ ముట్టకూడదన్న మాట మొదలైంది.

మర్నాడు ముప్పైమంది ఆడవాళ్లు పైపు ముట్టకుండా మిషను చుట్టూ కూర్చున్నారు. తొమ్మిదింటికి బోర్డు ఎర్రబడింది. పోలీసులొచ్చి రేణుకను జీపెక్కించారు. నాగరాజ్ ఊరి అవతలి పీణ్య వార్డు నుంచి ఆరుగురు కొత్త పనివాళ్లను ఆటోలో దింపి, వాళ్లలో పెద్దామె చేతికి పైపిచ్చాడు.

ఆమె బోర్డు చూసింది. నేల మీద కూర్చున్నవాళ్లను చూసింది. పైపు కింద పడేసింది.

"మా తావ కూడా ఇట్లాంటి మిషనే ఉండాది, మేమూ తడపతా ఉండాము," అంది. "కొంచెం జరగండమ్మా. కూర్చుంటాం."