సత్యవేణమ్మ పలువరుసలో నా చోటు

నేను ఊడిన పంటికి వేరుగా దవడ ఎముకలో బిగించే ఒక టైటానియం మరమేకును. చిటికెనవేలి గోరంత ఉంటాను. పొగరు మాత్రం దండిగా ఉండేది. కర్మాగారంలో కడ్డీ నుంచి కోసి, ఒంటికి మరలు తీర్చి, ఎముక పట్టు దొరికేలా పైనంతా గరుకు చేశారు. గాజుగొట్టంలో పెట్టి సీలు వేసి, కాకినాడలో పళ్ళ డాక్టరు నస్రీన్ గారి ఆసుపత్రికి పంపారు.

నా పక్క గొట్టంలోని తోటివాడు నాకంటే ముందే ఓ కుర్రాడి దవడలోకి వెళ్ళాడు. రాయిలాంటి ఎముక! నేను కుళ్ళుకున్నాను. ఆ కుర్రాడు డాక్టరమ్మ ఎంత మొత్తుకున్నా సిగరెట్టు మానలేదు. చిగురు చీము పట్టి, చుట్టూ ఎముక కరిగి, నా తోటివాడు వదులైపోయి ట్రేలోకి వచ్చి పడ్డాడు.

తర్వాత నా వంతు. కుర్చీలో కూర్చున్నావిడ సత్యవేణమ్మ. డెబ్బై దాటాయి. బడిలో ఆటల టీచరుగా రిటైరయ్యాక కూడా ఆడపిల్లల వాలీబాల్ పోటీలకు రిఫరీగా వెళ్ళేది. ఓసారి బంతి తగిలి ముందుపన్ను ఊడింది. కట్టుడుపన్ను పెట్టుకుని వెళ్తే, ఆట మంచి పట్టుమీదున్నప్పుడు విజిల్‌తోపాటు అదీ ఎగిరి కోర్టులో పడింది. జనం పగలబడి నవ్వారు. ఆవిడ మళ్ళీ మైదానంలో అడుగు పెట్టలేదు.

వెంట వచ్చిన తమ్ముడు భీమశంకరం ఊరుకోలేదు. "ఈ వయసులో ఎముకకి మేకు దిగ్గొట్టించుకోడం ఏంటక్కా? పెళుసెక్కిపోయుంటది. పుటుక్కుమంటేనో?"

"నువ్వాగరా," అందావిడ. "డాక్టరమ్మగారూ, మీరు చెప్పండి. పనికొస్తానా, రానా?"

డాక్టరమ్మ స్కాన్ చూపించింది. "వయసొక్కటే చూసి కాదననండి. మీ ఎముక కాస్త పలచబడింది, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. కానీ షుగరు అదుపులో ఉంది, చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి. తొందరపడకుండా ఉంటే పట్టుకుంటుంది."

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పడుచు ఎముకే నిలుపుకోలేకపోయింది, ఈ పలచటి ఎముక నన్నేం మోస్తుంది?

నన్ను ఆవిడ దవడలో నెమ్మదిగా బిగించారు. చాలా రోజులు ఏ అలికిడీ లేదు. ఆవిడ విసుక్కోకుండా మెత్తటి జావ తాగింది, చెప్పినట్టల్లా నోరు శుభ్రం చేసుకుంది. అప్పుడు తగిలింది! నా మరల సందులోకి ఒక కొత్త ఎముక కణం పాక్కుంటూ వచ్చి అతుక్కుంది. దాని వెనకాల ఇంకొకటి! ఆ తర్వాత లెక్కే లేదు! మెల్లగానే, కానీ ఒక్కటీ వెనక్కి పోలేదు.

నెలల తరువాత డాక్టరమ్మ పరికరంతో నన్ను తట్టి చూసింది. నేను కదిలితేగా!

"పట్టేసిందండీ!" అని డాక్టరమ్మ కేకేస్తే, భీమశంకరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నామీద పింగాణీ పన్ను తొడిగారు.

జిల్లా ఫైనల్స్‌కి సత్యవేణమ్మ రిఫరీ మెట్లెక్కింది. విజిల్‌ను పళ్ళ మధ్య బిగించి ఊదింది. ఆ కూత నా ఒళ్ళంతా జల్లుమంటూ పాకి ఎముకలోకి దిగింది. స్కోరు సమానంగా ఉన్నప్పుడు బంతి గీతకు అవతల పడింది. కూత!

ఆడుతున్న ఓ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మగారూ, గీత మీదే పడిందండీ!"

సత్యవేణమ్మ విజిల్ తీసింది. "ఇక్కడ అమ్మమ్మలెవరూ లేరమ్మా. రిఫరీ అను. అవుటంటే అవుటే. పద, ఆడు!"