డ్రమ్ము ఆగిన తర్వాత

నేను ఒక రికార్డుని. నల్లగా, గుండ్రంగా, అట్లపెనమంత ఉంటాను. జపానులో నగోయా అనే ఊళ్ళో ఒక రాక్ బృందం చేసిన కొత్త ఆల్బమ్‌ని. వాళ్ళది సైకెడెలిక్ రాక్. అంటే గిటారు ఒక్క స్వరం పట్టుకుంటే పావుగంట వదలదు. అభిమానులు కళ్ళు మూసుకుంటారు, పక్కింటివాళ్ళు తలుపులు మూసుకుంటారు.

ప్లాస్టిక్ ముద్దని వేడిచేసి రెండు అచ్చుల మధ్య నొక్కితే పుట్టాను. నా తోబుట్టువులందరి ఒంటి మీదా ఇవే గీతలు, వాటిలో ఇదే కథ. బృందంలో డ్రమ్ములు వాయించే హరుకోకి మణికట్టు ఆపరేషన్ అయింది. మొదటి వైపు పాట మధ్యలో ఆవిడ కుడిచెయ్యి మొరాయించింది. డ్రమ్ము ఆగిపోయింది. గిటారు మాత్రం సన్నగా మూలుగుతూ ఆవిడ కోసం కాచుకుంది. కాసేపటికి ఎడంచేత్తో ఒక దెబ్బ పడింది, ఆ తర్వాత ఇంకోటి. ఆగిన ముక్క తీసేద్దామన్నారు మిగతావాళ్ళు. హరుకో ససేమిరా అంది.

ఈమధ్య ఓడల్లో పాటకచేరీలు చేస్తున్న విల్సన్ నన్ను కొని విశాఖపట్నం తెచ్చాడు, తన పాత స్నేహితుడు పైడిరాజు కోసం. ఇద్దరూ ఒకే ఆర్కెస్ట్రాలో ముసలివాళ్ళయ్యారు. పైడిరాజు డ్రమ్మర్. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. రోజూ సాధన చేస్తే చాలావరకు తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడు. పైడిరాజు నమ్మలేదు. డ్రమ్ముల మీద దుప్పటి కప్పేసి, కొనేవాళ్ళని వెతకమని అందరికీ చెప్పాడు.

జపానులో రికార్డు అట్టకి నిలువునా ఒక కాగితప్పట్టీ చుడతారు. అది చూసి పైడిరాజు భార్య నూకరత్నం, "దీనికి వడ్డాణం కూడానా? నాకే లేదు" అని నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అదే.

పైడిరాజు రోజూ నన్ను పెట్టుకుని వినేవాడు. హరుకో చెయ్యి ఆగిన చోట ముల్లు ఎత్తేసి, నన్ను అట్టలో దూర్చేసేవాడు. ఆర్కెస్ట్రాలో పాటని ముగించేది డ్రమ్మే. అది ఆగాక ఇంకా గిటారు మోగుతోందంటే, గిటారిస్టు తీగలు సరిచూసుకుంటున్నాడని అర్థం. జీవితమంతా అదే లెక్కలో బతికినవాడికి ఇంకోలా తోచలేదు. నా గీతలు సగం మిగిలే ఉన్నాయి, కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. మనుషులు చెవిని నమ్మాక కంటిని అడగరు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఒక సాయంత్రం గాజువాక నుంచి ఒకాయన డ్రమ్ములు కొంటానని వచ్చాడు. పైడిరాజు నన్ను తిరుగుతూనే వదిలేసి గుమ్మంలోకి వెళ్ళాడు. వాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగా హరుకో చెయ్యి ఆగింది. ముల్లు ఎత్తే దిక్కు లేదు. గిటారు మూలిగింది, మూలిగింది. అప్పుడు పడింది ఆ ఎడంచేతి దెబ్బ.

పైడిరాజు మాట మధ్యలో ఆగిపోయాడు. లోపలికొచ్చి నా ముందు నేలమీద కూలబడ్డాడు.

"ఏటి మావా, పాట అయిపోనాది అనీవోడివి కదా?" అంది నూకరత్నం వంటింట్లోంచి.

"అవనేదే," అన్నాడు పైడిరాజు. "నేనే మజ్జిలో తీసెస్తన్నాను."

ఆ మాటకి నూకరత్నం బయటికొచ్చి చూసింది. మొగుడి కళ్ళు తడిగా ఉన్నాయి, ఎడంచెయ్యి మోకాలి మీద దరువు వేస్తోంది. ఆవిడే గుమ్మంలోకి వెళ్ళి గాజువాక ఆయనకి మంచినీళ్ళిచ్చింది. డ్రమ్ములు అమ్మట్లేదని మర్యాదగా చెప్పి పంపించేసింది.

దుప్పటి ఇప్పుడు మంచం మీదికి చేరింది. రోజూ నా పాటలో హరుకో డ్రమ్ము ఆగిన ఖాళీ రాగానే పైడిరాజు డ్రమ్ము పుల్లలు పట్టుకుంటాడు. ఎడంచెయ్యి సరిగ్గా పడుతుంది. కుడిచెయ్యి తడబడుతూ వెనకాల వస్తుంది, ఒక్కోరోజు అసలు రాదు. మర్నాడు మళ్ళీ నన్ను పెడతాడు. అరిగిపోతానన్న బెంగ నాకు లేదు. ఆ కుడిచెయ్యి వచ్చేదాకా గిటారు కాచుకునే ఉంటుంది.