డబ్బాలో పడ్డ గొంతు

పొద్దున్నే గిన్నెలో మొక్కజొన్న గ్రిట్స్ జావ కలుపుతున్న షెరెల్‌కి రేడియోలో తన గొంతు తనకే వినిపించింది.

"మా పిల్లల సంగతి ఎవరికైనా పట్టిందా? అసలు ఎవరికైనా?"

గరిటె ఆగిపోయింది. తనలాగే మాట్లాడే మనిషి ఎవరో అనుకుంది ఒక్క క్షణం. కాదు. 'అసలు' దగ్గర గొంతు చీలడం, ఆ వెంటనే ముక్కు ఎగబీల్చుకోవడం, అన్నీ తనవే. వెనక ఎవరో మెత్తగా పియానో వాయిస్తున్నారు. తను జన్మలో పియానో ముట్టుకోలేదు.

పియానో తగ్గింది. మగగొంతు అందుకుంది. "ఈ తల్లి అడుగుతున్నది విన్నారా? తుక్కు మిల్లుకి తాళం వేయాలంటున్నారు కొందరు. వేస్తే మీ ఇంటాయనకి పని ఎవరిస్తారు? మీ బల్ల మీదకి రొట్టె ఎక్కడినుంచి వస్తుంది? ఆలోచించండి. కౌన్సిల్‌కి మళ్ళీ హోలిస్ గ్రేడీ!"

షెరెల్ రేడియో వైరు పట్టుకుని గోడలోంచి ఊడబెరికింది.

"గోడ కూడా పట్రా, ఒక పని అయిపోతుంది," అంది వెర్నిస్ పిన్ని, షెరెల్ కొడుకు మూడేళ్ళ ఎజ్రాకి మేజోళ్ళు తొడుగుతూ. "ఏం పూనింది నీకు?"

"నా గొంతు పిన్నీ! ఆ గ్రేడీగాడు నా గొంతు పెట్టుకున్నాడు!"

"నీ గొంతు వాడి దగ్గరికెట్లా పోయిందే?"

ఎట్లా పోయిందో షెరెల్‌కి తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండిపోయింది.

రెండు వీధుల అవతల, నది ఒడ్డున, పాత కార్లని నుజ్జునుజ్జు చేసే మిల్లు ఉంది. ఒకప్పుడు పగలు మాత్రమే నడిచేది. గ్రేడీ కౌన్సిల్లో కూర్చున్నాక రాత్రిళ్ళు కూడా నడవడం మొదలైంది. ఇప్పుడా రాత్రి పనిని శాశ్వతం చేస్తానని చెప్పుకుని మళ్ళీ ఓట్లడుగుతున్నాడు. మిల్లు నడిచిన రాత్రల్లా ఎజ్రా ఛాతీలో పిల్లికూతలు. షెరెల్ ఏ చప్పుడు విన్నా ముందు దాని కింద బిడ్డ ఊపిరిని వెతుక్కుంటుంది. నీళ్ళ పంపు తిప్పినా, బస్సు బ్రేకు వేసినా అంతే. ఎజ్రా కడుపులో పడ్డప్పుడు పదకొండో తరగతితో బడి మానేసింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఆమె నేర్చుకున్నదల్లా చప్పుళ్ళే. కిటికీ అద్దానికి మైకు అంటించి మిల్లు దెబ్బల్ని టేపులోకి ఎక్కించేది. ఆ టేపుని ముక్కలు చేసి అతికించి, తను టంకం పెట్టి చేసుకున్న పెట్టెలోంచి పంపిస్తే, ఆ దెబ్బలు పిడుగులై, గొణుగుడై బయటికొచ్చేవి. "దీన్ని పాటంటారా?" అనేది పిన్ని. "అనరు పిన్నీ. అందుకే చేస్తున్నా," అనేది షెరెల్.

ఆమెలాంటి వాళ్ళు మరికొందరు మూతపడ్డ చెప్పుల దుకాణం వెనక గదిలో నెలకోసారి కలుస్తారు. అక్కడొక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ ఒక కేసెట్ అందులో వేయాలి, చూడకుండా ఒకటి తీసుకోవాలి. తీసుకున్నదాన్ని ఏమైనా చేసుకోవచ్చు. ఎవరిదని అడగకూడదు, ఇలా ఎందుకు చేశావని నిలదీయకూడదు. ఆ డబ్బా నియమం షెరెల్‌కి చర్చి కంటే పవిత్రం. కిందటి నెల, ఎజ్రాకి ఆయాసం వచ్చి తెల్లవార్లూ కూర్చున్న మర్నాడు, నిద్రమత్తులో ఒక కేసెట్ బదులు ఇంకొకటి డబ్బాలో వేసి వచ్చింది. కిటికీ ముందు నిలబడి మిల్లు మీద అరిచిన అరుపు అందులో ఉంది. అరుపు తర్వాత ఏముందో ఇప్పుడు గుర్తొచ్చి షెరెల్ పొయ్యి ఆర్పి బయటికి నడిచింది.

బస్సు స్టాపులో పక్కింటి ఒడెల్లా నిలబడి ఉంది. ఆమె మనవడికీ ఎజ్రాకీ ఒకటే క్లినిక్కు, ఒకటే మందు. షెరెల్‌ని చూసి చేతిసంచీ ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"వచ్చావా రేడియో రాణీ? టీవీలో ఎప్పుడు కనపడతావు?"

"ఒడెల్లా అత్తా, అది నేను..."

"నీ గొంతు నాకు తెలీదా? నీ నోట్లో పాలపళ్ళు ఉన్నప్పటినుంచీ వింటున్నా. మా పిల్లాడికి మందు పట్టిస్తున్నా అమ్మా, అప్పుడే నువ్వు ఆ గ్రేడీకి ఓటెయ్యమంటున్నావు. సగం మందు నేలపాలైంది."

"నేను ఓటెయ్యమనలేదు!"

"మరి ఏమన్నావు?"

ప్రశ్న అడిగాను, అంతే, అనుకుంది షెరెల్. జవాబు కోసం ఆగని ప్రశ్న అది. ఎవడి పక్కన పెడితే వాడిదైపోతుంది. బస్సు వచ్చింది. ఒడెల్లా ఎక్కింది. షెరెల్ ఎక్కలేదు. తిన్నగా కార్విన్ ఇంటికి నడిచింది.

డబ్బా గుంపులో ప్రకటనలకి సంగీతం కట్టేవాడు కార్విన్ ఒక్కడే. తలుపు తీసినవాడు ఆమె మొహం చూడగానే మళ్ళీ వేయబోయాడు. షెరెల్ కాలు అడ్డం పెట్టింది.

"చెల్లీ, ముందు నా మాట విను. డబ్బా నియమం నీకు తెలుసు."

"నా గొంతని తెలుసా తెలీదా?"

"తీసుకున్నాక ఎవరిదని అడగం కదా..."

"నేనడిగింది అది కాదు. తెలుసా, తెలీదా?"

కార్విన్ తల గోక్కున్నాడు. "తెలుసు," అన్నాడు చివరికి. "గ్రేడీ వాళ్ళు ఒక తల్లి గొంతు కావాలన్నారు. ఏడుస్తున్నట్టుండాలి కానీ ఏడవకూడదన్నారు. నీది అచ్చం అట్లాగే ఉంది. పైగా నువ్వు మిల్లు అనే మాటే అనలేదు అందులో."

"కిటికీలోంచి ఎదురుగా మిల్లే కనిపిస్తుంటే పేరెందుకు పెడతానురా? నా మాట తర్వాత ఏముందో విన్నావా?"

"విన్నా." అతను చూపు దించుకున్నాడు. "నకలు తీసుకుని అందులో అది కోసేశాను. అది ప్రకటనకి పనికి రాదు."

షెరెల్ అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. బల్ల మీద కేసెట్ల గుట్టలో తనది కనిపెట్టి జేబులో వేసుకుంది.

"ఏయ్! డబ్బాలోంచి వచ్చింది వెనక్కి తీసుకోకూడదు!"

"ఎవరైనా తీసుకోవచ్చు కదా? నేను తీసుకున్నా. ఎందుకని నిలదీయకు."

ఇంటికొచ్చి ఆ కేసెట్ పెట్టింది. తన అరుపు, తర్వాత మిల్లు దెబ్బ, తర్వాత ఎజ్రా ఊపిరి. సన్నగా, పొడుగ్గా, ఇనుప తలుపు సందులోంచి గాలి దూరుతున్నట్టు. ఆ ముక్కని బ్లేడుతో కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, ఖాళీ కేసెట్‌లో బిగించింది. ఇక దానికి మొదలూ చివరా లేదు. తిరుగుతూనే ఉంటుంది.

వెర్నిస్ పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తోంది. "బిడ్డ ఆయాసాన్ని ఊరందరి ముందూ పెడతావా?"

"పెట్టకపోతే నా గొంతు వాడిదే అయిపోతుంది పిన్నీ."

"కన్నతల్లివేనా అంటారు నిన్ను."

ఆ మాటే పొద్దుటినుంచీ షెరెల్‌ని లోపల కొరుకుతోంది. అయినా టేపు మీద అతుకుని గోటితో గట్టిగా నొక్కింది.

శనివారం మధ్యాహ్నం ఎన్నికల చర్చకి యూనియన్ హాలు కిటకిటలాడింది. వేదిక మీద ఒకవైపు గ్రేడీ, ఇంకోవైపు అతనికి పోటీగా నిలబడ్డ నదీన్ రోసాస్. మధ్యలో చర్చ నడిపించే ప్రూయిట్, బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు గట్టిపడ్డ పెద్దావిడ. షెరెల్ చివరి వరసలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీలో టేపు రికార్డరు, చిన్న స్పీకరు.

గ్రేడీ మాట్లాడుతుంటే ఆమె మాటలు వినలేదు, తాళం వింది. ఒక ప్రశ్న. చప్పట్లు కొట్టేంత ఖాళీ. ఇంకో ప్రశ్న, ఒక మెట్టు పైన. మూడోది ఇంకా పైన. ఆ తర్వాత గొంతు దబ్బున కిందికి దించుతాడు, హాలు మొత్తం తల ఊపుతుంది. "మనకి పని కావాలా వద్దా? మన పిల్లలు ఊరొదిలి పోవాలా? ఇక్కడ ఏ తల్లి తన బిడ్డ పస్తుండాలని కోరుకుంటుంది?" ఏ ప్రశ్నకీ ఒక్కటికి మించి జవాబు పట్టదు. ఆ ఒక్కటీ అతనే ముందుగా తయారుచేసి పెట్టుకున్నాడు. చప్పుళ్ళతో తను చేసే పనే వీడు మనుషులతో చేస్తున్నాడు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ వినిపిస్తే చెవి సరే అంటుంది.

జనం వంతు వచ్చింది. ఆమె మైకు దగ్గరికి నడిచింది. ముందు వరసలో ఒడెల్లా మొహం పక్కకి తిప్పుకుంది.

"ప్రశ్న మాత్రమే అమ్మా," అంది ప్రూయిట్. "ఉపన్యాసాలు వద్దు."

"నా దగ్గర ప్రశ్న లేదండీ. నా ప్రశ్న ఆయన రేడియోలో పెట్టుకున్నాడు. దాని జవాబు తెచ్చాను."

సంచీలోంచి రికార్డరు తీసి, మైకుకి ఆనించి, మీట నొక్కింది.

హాల్లో ఎజ్రా ఊపిరి నిండింది. పెద్ద స్పీకర్లలోంచి అది పిల్లవాడి ఊపిరిలా లేదు. హాలంతా ఆయాసపడుతున్నట్టుంది. ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

గ్రేడీ ముందుకి వంగాడు. మొహం నిండా జాలి. "అమ్మా, మనసు తరుక్కుపోతోంది. కానీ ఒకటడుగుతాను. బిడ్డ అలా విలవిల్లాడుతుంటే, నువ్వు పక్కన కూర్చుని రికార్డు చేసుకుంటున్నావా?"

హాలు ఆమె వైపు తిరిగింది. ఇదే. పిన్ని చెప్పింది ఇదే. అయితే ఆ ప్రశ్న తర్వాత అతను వదిలిన ఖాళీ ఆమెకి వినిపించింది. చప్పట్లు కొట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోకి ఆమె దూరింది.

"అవును, చేశాను. క్లినిక్కులో నర్సు చెయ్యమంది. ఎందుకో తెలుసా? వాణ్ణి ఎన్నిసార్లు తీసుకెళ్ళినా అక్కడికి చేరేసరికి ఛాతీ శుభ్రంగా ఉంటుంది. పిల్లాడు బాగానే ఉన్నాడే అంటారు. బస్సు మిల్లు దాటిపోయాక వాడికి ఊపిరాడుతుంది. వెనక్కొస్తే ఆడదు. అదీ నా జవాబు. ఇంకేమైనా అడుగుతారా?"

గ్రేడీ పైమెట్టు ప్రశ్న కోసం కాగితాలు తిరగేశాడు.

నదీన్ రోసాస్ చటుక్కున మైకు అందుకుంది. "విన్నారు కదా? ఇంకా ఎంతమంది తల్లులు ఇలా..."

"మీరూ ఆపండమ్మా," అంది షెరెల్. గొంతు ఇప్పుడు ఎక్కడా చీలలేదు. "మీ రేడియోలో కూడా పెట్టడానికి వీల్లేదు. ఇది నా బిడ్డది."

నదీన్ మైకు కింద పెట్టేసింది.

టేపు తిరుగుతూనే ఉంది. లోపలికి, బయటికి. "సమయం అయిపోయింది," అంది ప్రూయిట్, కానీ గొంతులో మునుపటి గట్టిదనం లేదు. షెరెల్ రికార్డరుని మైకు దగ్గరే వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. గ్రేడీ దాన్ని చూశాడు, జనాన్ని చూశాడు. చేత్తో కాలరు వదులు చేసుకున్నాడు.

"ఇదెప్పుడు ఆగుతుంది?" అన్నాడు.

ఈసారి మెట్లు లేవు, తాళం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ముందు వరసలోంచి ఒడెల్లా లేచింది. చేతిసంచీ కుర్చీలో పెట్టి, మెల్లగా నడిచి వచ్చి షెరెల్ పక్కన నిలబడింది.

"ఆగదయ్యా," అంది. "మా ఇంట్లోనూ ఆగదు. కూర్చుని విను."