హాజరుకు ఇరవై మార్కులు

మొదటి వారంలోనే మా చరిత్ర టీచరు బ్రాండ్‌వోల్డ్ బోర్డు మీద వంద అని, దాని కింద పరీక్షలు, వ్యాసాలు, హాజరు ఇరవై అని పాత లెక్క రాసి పెన్ను పక్కన పెట్టేసింది.

"దేనికెన్ని మార్కులో మీరే తేల్చండి. ఒప్పుకుంటే బొటనవేలు పైకి, లేకపోతే కిందికి. ఒక్క వేలు కిందికున్నా మళ్ళీ మాట్లాడుకోవాల్సిందే," అంది.

నాకప్పటికి యాభై ఏడేళ్ళు. నేను పనిచేసే మిల్లు మూతపడ్డాక, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా ఊరి కాలేజీలో చేరాను. నా భార్య కరోల్ పోయి పద్నాలుగు నెలలు. ఇప్పటికీ భోజనానికి ముందు ప్రార్థన పైకే చేస్తాను, ఆమెన్ అనేవాళ్ళే లేరు. ఆదివారం చర్చిలో చెయ్యి కలుపుతారు, కాఫీ తాగి వెళ్ళిపోతారు. డిగ్రీ మీద నాకు పెద్ద ఆశ లేదు. మంగళ, గురువారాలు మధ్యాహ్నం ఇరవై రెండు మంది మధ్య కూర్చోవచ్చు, అంతే.

"హాజరుకి ఇరవై మార్కులు ఎందుకు?" అన్నాడు ట్రెంట్ అనే కుర్రాడు. "కూర్చున్నందుకే మార్కులైతే మా కుక్క కూడా పాసవుతుంది. తీసేద్దాం."

అందరూ నవ్వారు. వేళ్ళన్నీ పైకి లేచాయి, నాది తప్ప.

"ఏంటి పెద్దాయనా, మా కుక్కంటే పడదా?"

"క్లాసుకి రాకపోతే ఏం నేర్చుకుంటారయ్యా?" అన్నాను. అది సగమే నిజం. మార్కులు లేకపోతే ఎవరూ రారని నా భయం.

వెనక బెంచీలోంచి మారిసెలా అనే అమ్మాయి లేచింది. "హార్లన్ గారూ, నేను మాంసం ఫ్యాక్టరీలో చేస్తాను. షిఫ్టు పొడిగిస్తే అక్కడే ఆగిపోవాల్సిందే. పోయినేడు పరీక్షలన్నీ బాగానే రాశాను, హాజరు వల్లే తప్పాను. ఈసారీ తప్పితే ఫీజు సాయం ఆపేస్తారు."

గదంతా నా వేలు వంకే చూస్తోంది. నిజం చెప్పొద్దూ, అంతమంది ఒక్కసారి నన్ను చూసి ఏడాది దాటింది. ఒక క్షణం అది బాగుంది కూడా. వెంటనే సిగ్గేసింది. మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదన్నాడు దేవుడు. కానీ నాకు తోడు కోసం ఆ పిల్ల చదువు పాడుచెయ్యమన్నాడా?

వేలు పైకి తిప్పాను.

"అదీ పెద్దాయనంటే!" అని ట్రెంట్ బల్ల చరిచాడు. టీచరు హాజరు అన్న మాట చెరిపేసింది.

అక్టోబరుకి పన్నెండు మంది మిగిలాం. మొదటి మంచు పడ్డాక ఆరుగురు. ట్రెంట్ పరీక్షలకే కనిపించేవాడు. మారిసెలా వీలైన రోజు వచ్చేది. ఒకసారి "మీ నోట్సు ఇస్తారా?" అంది. "తీసుకోమ్మా, ఎలా ఉన్నావ్?" అన్నాను. ఫోనులో పేజీలు ఫోటోలు తీసుకుని, "థాంక్సండీ, బస్సు టైమైంది," అని పరిగెత్తింది. వ్యాసాలు మాత్రం చక్కగా రాస్తోందని టీచరు చెప్పింది.

అందరూ ఇళ్ళకి చేరే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు మంగళవారం నేనొక్కణ్ణే వచ్చాను. టీచరు కోటు విప్పలేదు.

"ఇంటికి వెళ్ళిపోండి హార్లన్, మార్కులేం పోవు."

"తెలుసండీ. మీకు ప్రయాణముందా?"

"మంచు పెరక్కముందే మా చెల్లెలింటికి చేరాలి."

"అయితే మీరు బయల్దేరండి. నేను కాసేపు చదువుకుంటాను."

ఆమె తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "జాగ్రత్త," అని వెళ్ళిపోయింది.

పుస్తకం తెరిచాను. కాసేపటికి, గదిలో కదిలేవాళ్ళు లేరనుకుని దీపాలు వాటంతటవే ఆరిపోయాయి. చెయ్యెత్తి ఊపాను. వెలిగాయి. క్లాసు అయిపోవడానికి ఇంకా నలభై నిమిషాలుంది.