తలుపున్న గది

అత్తగారి దుప్పటి పిండి దండెం మీద ఆరేస్తూ, ఇది తన తప్పేనని ఆమె అనుకుంది. ఎవరూ అనకముందే తనే అనేసుకోవడం ఆమెకు అలవాటు.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంటినుంచే ఉద్యోగం చేస్తారు. తలుపున్న గది ఆయనది. ఆమెది భోజనాల బల్ల. "నీకు వంటిల్లు దగ్గరవుతుంది కదా" అన్నాడు మూడేళ్ళ కిందట. నిజమే, దగ్గరే. ఒక చెవి కుక్కర్ కూతల మీద వేసి బీమా దరఖాస్తులు సరిచూసేది. కాఫీ కావాలంటే ఆయన తలుపు సందులోంచి చెయ్యి ఊపేవాడు. చూపు మందగించిన అత్తగారు పక్కగదిలో ఉండేవారు. మంచం దిగాలంటే మనిషి సాయం కావాలి. కొడుకు తలుపు వైపు మాత్రం ఆవిడ ఏనాడూ కేక వెయ్యలేదు.

పోయిన నెల ఆఫీసువాళ్ళు కంప్యూటర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది వేయించారు. ఏదీ దాని చోటులో లేదు. అలవాటు పడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పాతది ఆపినప్పుడల్లా చిన్న రాగం తీసేది. కొత్తది నోరు మెదపదు. ఒంటిగంటకు దాన్ని ఆపి కుర్చీలోనే కళ్ళు మూసుకు కూర్చుంటే ఎవరూ పిలవడం లేదని రెండోరోజే కనిపెట్టింది. ఎందుకు పిలవడం లేదో ఆలోచించలేదు. ఎన్నేళ్ళకో తనకంటూ దొరికిన అరగంట. ఆలోచిస్తే ఎక్కడ చేజారుతుందోనని ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళేసరికి అత్తగారు తడి పక్కమీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"పిలవచ్చు కదత్తయ్యా."

"నీ కంప్యూటర్ పాట వినబళ్ళేదే. నీ పని ఇంకా అవలేదనుకున్నాను. ఇదివరకు రోజూ అది విన్నాకే కదా నిన్ను పిలిచేది."

ఆ ఇంట్లో తన పనిని పనిగా చూసిన మనిషి ఒక్కరున్నారు. ఆ ఒక్క మనిషీ బిగపట్టుకుని పడుకుంటే, తను పక్కగదిలో కళ్ళు మూసుకు కూర్చుంది.

ఇదొక్కటే అయితే ఒక ఏడుపుతో పోయేది. ఇంకోటి కూడా ఉంది. సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాలని ఉత్తర్వు వచ్చింది. కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, రాసిస్తే చాలు, ఇంటినుంచే చేసుకోవచ్చనీ అందులోనే ఉంది. ఆ రెండోమాట ఆమె ఇంట్లో చెప్పలేదు. తప్పదంటున్నారని మాత్రం చెప్పింది.

సాయంత్రం ఆయన గదిలోంచి కాగితం పట్టుకుని వచ్చాడు. మీ మేనేజర్‌కి నేనే రాశాను, అమ్మ సంగతంతా పెట్టాను, మనసున్నవాడైతే కాదనడు, నీ పేరుతో పంపెయ్ అన్నాడు. బాగానే రాశాడు. చదువుతుంటే ఆమెకే జాలేసింది.

"ఇవాళ చూశావుగా. నువ్వు ఇంట్లో ఉండగానే ఇలా అయితే, లేకపోతే అమ్మ గతేంటి?"

నిజమే కదా అనుకుంది. పంపేద్దామని కంప్యూటర్ కూడా తెరిచింది. అప్పుడు ఆయన వెనక బార్లా తెరిచి ఉన్న ఆ తలుపు కంటపడింది. అత్తగారి మంచానికి ఈ బల్లకంటే అదే దగ్గర. ఒంటిగంటకు ఆయనా ఇంట్లోనే ఉన్నాడు. ఆ మాట ఇంతవరకూ తనకే తట్టలేదు.

"ఆఫీసువాళ్ళు తప్పదనలేదండీ. పెద్దవాళ్ళుంటే ఇంట్లోనే ఉండిపొమ్మన్నారు. వస్తానని నేనే రాశాను."

పక్కగదిలో మంచం కిర్రుమంది. అంతా విన్నట్టున్నారు అత్తగారు. ఆవిడ గొంతు వినిపించింది.

"ఒరే చిన్నోడా, నన్ను కాస్త లేపరా."

ఆయన భార్య వంక చూశాడు. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. పెద్ద తప్పేదో చేస్తున్నట్టే ఉంది. పాదాలు నేలకి అదిమిపెట్టి, కూర్చునే ఉంది.