పన్నెండేళ్ళ ఓపిక

వంటగది బల్ల మీద బాదంకాయలు కుప్పగా పోసుకుని, లియొంటీన్ అత్తయ్యా నేనూ చిన్న సుత్తులతో పగలగొడుతున్నాం. పప్పు గిన్నెలోకి, పెంకులు పొయ్యిలోకి. అక్టోబరు ఎండ బల్ల మీద పడుతోంది. కిటికీలోంచి కొండ మీది వేధశాల తెల్లటి గుమ్మటాలు కనబడుతున్నాయి.

"ఆయనతో చెప్పకే ఓడిల్," అంది అత్తయ్య తలెత్తకుండానే.

"నేనింకా ఏమీ అనలేదుగా."

"నీ మొహమే అంటోంది. పొద్దుటి నుంచి చూస్తున్నా, పప్పు పొయ్యిలో వేస్తున్నావు, పెంకులు గిన్నెలో వేస్తున్నావు."

అబెల్ మామయ్య మా అమ్మకు అన్న. ఒకప్పుడు ఆ కొండ మీదే, వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయేమోనని వెతుకుతూ, నక్షత్రాల వేగం కొలిచేవాడు. నేను ఊళ్ళో బడికి వెళ్ళే రోజుల్లో, బడి వదలగానే నన్ను వెంటబెట్టుకుని కొండెక్కేవాడు. గుమ్మటం తలుపులు కిర్రుమంటూ తెరుచుకోవడం, లోపలి నూనె వాసన, కోసేసిన లావెండర్ చేల మీదుగా వచ్చే సాయంకాలపు గాలి, సంచిలోంచి ఆయన తీసిచ్చే మేకపాల చీజ్ ముక్క. ఇవన్నీ ఇప్పటికీ నాలోనే ఉన్నాయి.

"ఇంకెన్నాళ్ళు మామయ్యా?" అని అడిగితే నవ్వేవాడు.

"మన గురుడు సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టడానికి పన్నెండేళ్ళు. వేరే నక్షత్రానికీ అంత గ్రహం ఉంటే, అది లాగుతుంటే నక్షత్రం మెల్లగా ఇటూ అటూ ఊగుతుంది. అంతకాలం ఆగాలమ్మా. నీ పెళ్ళిలోపు చూపిస్తాలే."

అందుకే ఒక్కో నక్షత్రాన్ని ఏడాదికి మూడు నాలుగు సార్లే చూసేవాడు. అంతకు మించి అక్కర్లేదని అందరూ అనుకునేవారు. ఒక నక్షత్రం మాత్రం ఆయన్ని సతాయించింది. చూసిన ప్రతిసారీ దాని వేగం వేరుగా వచ్చేది, ఒక వరసంటూ లేదు. తన యంత్రంలోనే లోపం ఉందనుకున్నాడు. ఒక వేసవంతా మరలు విప్పి, అద్దాలు తుడిచి, మళ్ళీ బిగించాడు. ఏమీ దొరకలేదు. కాఫీ కొట్టు దగ్గర "ఏం అబెల్, నీ యంత్రానికి జలుబు తగ్గిందా?" అని వేళాకోళం చేసేవారు. చివరికి తన కొలతల్లో దేన్నీ నమ్మలేనని చెప్పి, ఉద్యోగం మానుకుని దిగి వచ్చేశాడు.

ఇప్పుడు ఆ కొండ మీద నేను పనిచేస్తున్నాను. ఎక్కడో ఒక నక్షత్రాన్ని గురుడంతటి గ్రహం, దాదాపు అంటుకునేంత దగ్గరగా, నాలుగు రోజులకోసారి చుట్టేస్తోందని ఈ మధ్యే రేడియోలో చెప్పారు. వినగానే మామయ్య నక్షత్రం గుర్తొచ్చింది. వారం పాటు వరసగా దాన్ని కొలిచాను. దానికీ అలాంటి గ్రహమే ఉంది.

"ఆయన మళ్ళీ మామూలు మనిషి కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు," అంది అత్తయ్య. "యంత్రం పాడైందనుకుని ఎలాగో బతికాడు. చేతికి వచ్చినదాన్ని తానే పారేశానని తెలిస్తే?"

"యంత్రం మంచిదేనని తెలియొద్దా అత్తయ్యా?"

జవాబుగా సుత్తి గట్టిగా పడింది.

మామయ్య చంకలో రొట్టెతో తలుపు తోసుకుని వచ్చాడు. "మీరిద్దరూ ఒకేసారి నోరు మూశారంటే, నా గురించేనన్నమాట."

"నీ గురించి చెప్పుకోవడానికి ఏముంది ముసలాడా! ముందు కాళ్ళు తుడుచుకో," అంది అత్తయ్య.

ఆయన రొట్టె బల్ల మీద పెట్టాడు. "రేడియో నేనూ విన్నానే ఓడిల్. నాకింకా చెవుడు రాలేదు. చూశావా దాన్ని?"

అత్తయ్య వైపు చూడకుండా "చూశాను" అన్నాను.

"ఎన్ని రోజులకో చుట్టు?"

"మూడున్నరకి కాస్త తక్కువ."

"నా పాత అంకెలు?"

"అన్నీ ఆ ఊగుడులోనే సరిగ్గా కుదిరాయి మామయ్యా. ఒక్కటీ తప్పు లేదు. నీ యంత్రం బాగానే ఉండేది."

నవ్వబోయి ఆగిపోయాడు. "నేను రెండోసారి చూసేసరికి అది ఎన్ని చుట్లు తిరిగేసిందో! నేనేమో నీకు ఆగడం నేర్పాను. వరసగా ఒక్క వారం చూసుంటే సరిపోయేది."

"అప్పుడు ఎవరికీ తోచలేదుగా."

"నాకు కనబడింది కదా, ఓడిల్."

అత్తయ్య లేచి ఆయన భుజం పట్టుకుంది. "కూర్చో అబెల్. సూప్ పోస్తాను."

ఆ చేతిని మెల్లగా తీసి, ఒక్క క్షణం తన చేతుల్లో ఉంచుకుని వదిలాడు. కోటు తొడుక్కుని గుండీలు పై దాకా పెట్టుకున్నాడు. గడప దాటి, కొండ దారి పట్టాడు.